అంబాసిడరా, ఫియటా: కొండ మలుపుల్లో ఏది మేలు?

పాత కార్లపై పాఠకుల సందేహాలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే జంట కార్లకు సంబంధించినవి. ఒకటి హిందుస్థాన్ అంబాసిడర్, రెండవది మనమంతా ఫియట్ అని పిలుచుకున్న ప్రీమియర్ పద్మిని. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ రెండు కార్ల నడక, పట్టు, పికప్ గురించిన ప్రశ్నలకే ఇక్కడ సమాధానమిస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు 1972లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ నడిచే స్థితిలో మా ఇంట్లో ఉంది. మా మేనమామగారు తమ 1978 నాటి ప్రీమియర్ పద్మినిని నాకు ఇచ్చేస్తానంటున్నారు. మా ఇంట్లో ఒక కారు నిలిపేందుకే చోటుంది కాబట్టి రెండింటిలో ఒకదానిని ఎంచుకోవాలి. సెలవు రోజుల్లో మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కి రావడం నాకు అలవాటు. ఒక్కోసారి ఒంటరిగా వెళతాను, ఒక్కోసారి ఇంటిల్లిపాదినీ తీసుకువెళతాను. మలుపుల్లో ఫియట్‌కు సాటిలేదని మామయ్య అంటారు. ఫియట్‌కు కొండ ఎక్కే సత్తువే లేదని నాన్నగారు అంటారు. ఎవరి మాట నిజం? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: ఇద్దరి మాటా నిజమే. మీ మామయ్యగారు ఒంటరిగా, లేదా ఇద్దరు మనుషులతో నడిపిన అనుభవంతో మాట్లాడుతున్నారనీ, మీ నాన్నగారు కారు నిండా మనుషుల్నీ సామానునూ వేసుకుని నడిపిన అనుభవంతో మాట్లాడుతున్నారనీ నాకు అనిపిస్తోంది. ఈ రెండు కార్ల మధ్య తేడా ప్రధానంగా అక్కడే ఉంది.

ముందు ఇంజిన్ సంగతి చూద్దాం. మీ అంబాసిడర్‌లో ఉన్నది 1,489 సీసీ ఇంజిన్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు ఆధారంగా 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ మొదలైనప్పుడు పాత తరహా సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది. తర్వాత కొద్దికాలానికే వాల్వులు హెడ్‌లో ఉండే ఈ ఇంజిన్ వచ్చింది. దీని శక్తి సుమారు 50 హార్స్ పవర్. బొంబాయి కుర్లాలో తయారైన పద్మిని ఇంజిన్ 1,089 సీసీ, దాని శక్తి సుమారు 40 హార్స్ పవర్. పద్మినికి మూలమైన ఫియట్ 1100డి నమూనాకు ఇటలీలో 1,221 సీసీ ఇంజిన్ అమర్చారు గానీ మన దేశంలో తయారైన పెట్రోలు బండ్లు మాత్రం చివరి వరకూ చిన్న ఇంజిన్‌తోనే వచ్చాయి. విదేశీ పుస్తకాల్లో 1100డి అంకెలు చూసి మన పద్మినికి అన్వయించుకునేవారు ఈ విషయం గమనించాలి.

యాభైకీ నలభైకీ తేడా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. బరువును కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా దాదాపు మాయమవుతుంది. అంబాసిడర్ ఖాళీ బరువు సుమారు 1,100 కిలోలు, పద్మిని బరువు సుమారు 895 కిలోలు. అంటే టన్ను బరువుకు రెండు కార్లలోనూ దాదాపు 45 హార్స్ పవర్ పడుతుంది. చదునైన రోడ్డు మీద గరిష్ఠ వేగం కూడా రెండింటికీ గంటకు 120 కిలోమీటర్ల చుట్టుపక్కలే. ఖాళీ బండ్లను పక్కపక్కన నిలిపి పరుగెత్తిస్తే వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. ఫియట్ ఇంజిన్ తేలికగా వేగం అందుకునే స్వభావం కలది కాబట్టి నడిపేవారికి అదే చురుకుగా తోస్తుంది.

ఇప్పుడు రెండింటిలోనూ మనుషులు, సామాను కలిపి 400 కిలోలు వేయండి. పద్మిని బరువు దాదాపు 45 శాతం పెరుగుతుంది, అంబాసిడర్ బరువు 36 శాతం మాత్రమే పెరుగుతుంది. టన్నుకు పడే శక్తి పద్మినిలో 31 హార్స్ పవర్‌కు, అంబాసిడర్‌లో 33కు దిగుతుంది. ఈ రెండు అంకెల తేడా కన్నా ముఖ్యమైనది ఆ శక్తి ఇంజిన్ ఏ వేగంతో తిరుగుతున్నప్పుడు దొరుకుతుందన్నది. అంబాసిడర్ ఇంజిన్ నిమిషానికి రెండు మూడు వేల చుట్ల మధ్యే తన ఈడ్చే బలమంతా ఇస్తుంది. కాబట్టి మలుపులో వేగం తగ్గినా, గేరు మార్చకుండానే మూడవ గేరులో నింపాదిగా లాక్కుపోతుంది. పద్మిని అలా లాగదు. దానిని రెండవ గేరులోకి దించి, ఇంజిన్‌ను గట్టిగా తిప్పి ఎక్కించాలి. అలా తిప్పడం దాని ఇంజిన్‌కు హానికరం కూడా కాదు, ఎందుకంటే అది అందుకు తగినట్టు తయారైనదే. కానీ ఇంజిన్ అరుపు వినగానే భయపడి మూడవ గేరు వేసి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి, బండి గునుస్తుంటే ఫియట్‌లో సత్తువ లేదని తేల్చేసినవారిని నేను చాలామందిని చూశాను. ఇక రెండు కార్లలోనూ మొదటి గేరుకు సింక్రోమెష్ (కదులుతున్న బండిలో గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) లేదు. నిండు బరువుతో ఎక్కుడులో మొదటి గేరు అవసరమైతే బండిని దాదాపు ఆపే వేయాలి, లేకపోతే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో ఇంజిన్ వేగం పెంచి వేసే పాత పద్ధతి నేర్చుకోవాలి. ఇంటిల్లిపాదితో పాడేరు ఎక్కేటప్పుడు ఫియట్‌తో ఈ అవసరం రావచ్చు. అంబాసిడర్‌తో అరుదుగా వస్తుంది.

మలుపుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. రెండు కార్లకూ వెనుక యాక్సిల్ ఒకే దుంగగా, కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీద కూర్చుంటుంది. కాబట్టి వెనుక భాగం ప్రవర్తన రెండింటిలోనూ ఒకే కోవకు చెందుతుంది. గుంటలున్న మలుపులో ఒక చక్రం ఎగిరితే రెండవ చక్రానికీ ఆ కుదుపు తెలుస్తుంది, వెనుక భాగం పక్కకు చిన్నగా గెంతుతుంది. ముందు భాగంలోనే అసలు తేడా ఉంది. అంబాసిడర్ ముందు చక్రాలను టార్షన్ బార్లు మోస్తాయి. ఇవి బండి పొడవునా వెనక్కి సాగి, ముందు సీటు కింద అడ్డంగా ఉన్న దూలానికి బిగించిన ఉక్కు కడ్డీలు. చక్రం పైకి లేచినప్పుడు ఈ కడ్డీ మెలిపడి, తిరిగి విచ్చుకుంటుంది. పద్మినికి ముందు కాయిల్ స్ప్రింగులు, ఒక్కో చక్రానికి పైనా కిందా రెండు ఆర్మ్‌లు, వీటికి తోడు బండి ఒరగకుండా పట్టే యాంటీ రోల్ బార్ ఉన్నాయి. అంబాసిడర్ ఒరుగు ఎక్కువ, మెత్తదనం ఎక్కువ. హెయిర్‌పిన్ మలుపులో స్టీరింగ్ తిప్పిన తర్వాత బండి ముందుగా బయటి వైపు ఒరిగి, ఆ ఒరుగులో కుదురుకున్నాక గానీ తిరగడం మొదలుపెట్టదు. వేగం కాస్త ఎక్కువైతే ముక్కు మలుపు బయటికి పోవాలని చూస్తుంది. ఫియట్ ముక్కు తేలిక. స్టీరింగ్ తిప్పగానే తిరుగుతుంది, ఎంత తిప్పితే అంత తిరుగుతుంది.

కొలతలు కూడా ఫియట్‌కే అనుకూలం. దాని వీల్‌బేస్, అంటే ముందు వెనుక చక్రాల మధ్య దూరం, 2,340 మిల్లీమీటర్లు, అంబాసిడర్‌ది 2,464. ఫియట్ వెడల్పు సుమారు 1.46 మీటర్లు, అంబాసిడర్ వెడల్పు సుమారు 1.66 మీటర్లు. ఎదురుగా బస్సు వస్తున్న ఘాట్ మలుపులో ఆ జానెడు స్థలం ఎంత విలువైనదో పాడేరు దారి ఎరిగిన మీకు నేను చెప్పనక్కరలేదు. సగం రోడ్డులోనే ఉంటూ మలుపును కొంచెం బయటి నుంచి మొదలుపెట్టి లోపలి అంచుకు చేర్చే వీలు ఫియట్‌కు దొరుకుతుంది. అంబాసిడర్‌కు అంత చోటు మిగలదు.

విచిత్రమేమిటంటే, స్టీరింగ్ యంత్రం విషయంలో మాత్రం మెరుగైన ఏర్పాటు అంబాసిడర్‌దే. దానికి రాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంది, అంటే చిన్న పళ్ల చక్రం ఒక పళ్ల కడ్డీని నేరుగా అటూ ఇటూ జరుపుతుంది. ఫియట్‌కు వార్మ్ (మరచుట్టు గేరు) తరహా స్టీరింగ్ బాక్సు. రాక్ ఉన్న కారులో రోడ్డు సమాచారం నేరుగా చేతికి అందుతుంది. బాగా చూసుకున్న అంబాసిడర్ నిటారు రోడ్డు మీద చేతికి ఎంతో నమ్మకంగా ఉండటానికి ఇదీ ఒక కారణమే. ఫియట్ స్టీరింగ్ తేలిక, కానీ బాక్సు అరిగేకొద్దీ మధ్యలో ఖాళీ ఆట పెరుగుతుంది.

గుంతల రోడ్డు మీద, నిండు బరువుతో, గంటల తరబడి ప్రయాణమైతే నేను నిస్సంకోచంగా అంబాసిడర్ పక్షం. దాని పదిహేను అంగుళాల చక్రాలు, పొడవైన వీల్‌బేస్, మెత్తని టార్షన్ బార్లు కలిసి వెనుక సీటులో ఉన్న పెద్దవారికి ఇచ్చే సుఖం ఫియట్ ఇవ్వలేదు. ఫియట్‌లో ఐదుగురు కూర్చుంటే వెనుక కమాను పట్టీలు అణిగిపోతాయి, ముక్కు పైకి లేస్తుంది, ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది. అప్పుడు మీ మామయ్యగారు మెచ్చుకునే ఆ చురుకైన స్టీరింగ్ కూడా మొద్దుబారుతుంది.

మీ ఉత్తరాన్ని బట్టి నా సలహా ఇది. ఘాట్‌కు ఎక్కువసార్లు ఒంటరిగానో, ఇద్దరుగానో వెళ్లేటట్టయితే ఫియట్ తీసుకోండి. ఇంటిల్లిపాదితో వెళ్లేదే ఎక్కువైతే నాన్నగారి కారును వదులుకోకండి. అయితే ఇదంతా రెండు కార్లూ ఒకే స్థితిలో ఉంటేనే వర్తిస్తుంది. నలభై యాభై ఏళ్ల కార్ల విషయంలో కాగితం మీది తేడాల కన్నా అరుగుదల తెచ్చే తేడాలే పెద్దవి. కింగ్‌పిన్లు (ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసుగా ఉండే పిన్నులు) అరిగిన ఫియట్ మలుపులో, కింగ్‌పిన్లు బాగున్న అంబాసిడర్ కన్నా ఎంతో అధ్వానంగా ఉంటుంది. అందువల్ల నిర్ణయానికి ముందు రెండింటినీ ఒకే రోజు, ఒకే మెకానిక్ షెడ్డులో పరీక్ష చేయించండి.

ఆ పరీక్ష మీరే కొంతవరకు చేసుకోవచ్చు. ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. ఆట కనిపిస్తే మరొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కినప్పుడు ఆట పోతే దోషం చక్రం బేరింగులో ఉంది, పోకపోతే కింగ్‌పిన్‌లోనో, దాని బుష్‌లలోనో ఉంది. తర్వాత అంబాసిడర్‌ను చదునైన గచ్చు మీద నిలిపి, రెండు వైపులా చక్రం నడిమి నుంచి మడ్‌గార్డ్ అంచు వరకూ టేపుతో కొలవండి. ఒక వైపు తక్కువ వస్తే టార్షన్ బార్ అలసిందన్నా అనుకోవాలి, దానిని పట్టి ఉంచే దూలం తుప్పు పట్టిందన్నా అనుకోవాలి. ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి ఆ దూలాన్ని స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడటం తప్పనిసరి. అది తుప్పు పట్టి ఉంటే మిగతా కారు ఎంత మెరుస్తున్నా దానికి వెల్డింగ్ పని పూర్తయ్యేవరకూ ఘాట్ ఎక్కించకండి.

ప్రశ్న: నా పద్మినికి నిటారు రోడ్డు మీద కూడా స్టీరింగ్‌ను అటూ ఇటూ సర్దుతూ ఉండాల్సి వస్తోంది. మెకానిక్ స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ బిగించాడు. ఇప్పుడు మలుపు తిరిగాక స్టీరింగ్ తిరిగి రావడం లేదు. (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఆ స్క్రూను వెంటనే మునుపటి స్థితికి వదులు చేయించండి. ఏ కారైనా ఎక్కువ కాలం నిటారుగానే నడుస్తుంది కాబట్టి స్టీరింగ్ బాక్సులోని పళ్లు నడిమి స్థానంలోనే బాగా అరుగుతాయి, చివర్లలో దాదాపు కొత్తవిగానే ఉంటాయి. నడిమి ఆట పూర్తిగా పోయేంత బిగిస్తే, అరగని చివర్లలో అవి ఒకదానినొకటి పట్టేస్తాయి. హెయిర్‌పిన్ మలుపు మధ్యలో స్టీరింగ్ బిగుసుకుపోవడం ఎంత ప్రమాదకరమో ఊహించండి.

బాక్సును ముట్టుకునే ముందు చక్రాలను తిప్పే టై రాడ్ల చివర్లు, బాక్సుకు ఎదురు వైపున ఆ రాడ్లను మోసే ఐడ్లర్ ఆర్మ్ బుష్, కింగ్‌పిన్లు వరుసగా చూడాలి. ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే మరొకరు కింద కూర్చుని ఒక్కొక్క కీలు మీద వేలు ఆనిస్తే, ఆట ఎక్కడుందో వేలికే తెలుస్తుంది. అన్నీ సరిచేశాక కూడా కొద్దిపాటి ఆట మిగిలితే దానిని భరించడమే మంచిది. గ్రీజు నిపుల్స్ అన్నింటికీ క్రమం తప్పకుండా గ్రీజు కొట్టించండి. ఈ కాలపు వాషింగ్ సెంటర్లలో చాలాచోట్ల గ్రీజు గన్ను పట్టే అలవాటే పోయింది కాబట్టి ఒకటి కొనుక్కుని ఇంట్లో ఉంచుకోవడం ఉత్తమం.

మీ ఉత్తరంలో టైర్ల ప్రస్తావన లేదు. ముందు రేడియల్ టైర్లు (ఈ కాలపు రకం), వెనుక పాత రకం క్రాస్‌ప్లై టైర్లు వేసి ఉంటే మాత్రం కారును బయటికి తీయకండి. ముందు టైర్లకు పట్టు ఎక్కువై, వెనుక టైర్లకు తక్కువై, తడి రోడ్డు మీద వెనుక భాగం చెప్పాపెట్టకుండా జారుతుంది. నాలుగూ ఒకే రకం ఉండాలి. నాలుగూ రేడియల్ అయితే మలుపుల్లో పట్టు గణనీయంగా పెరుగుతుంది. కారు నిలిచి ఉన్నప్పుడు స్టీరింగ్ బరువెక్కడం దానికి మనం చెల్లించే మూల్యం.

ప్రశ్న: తిరుమల నుంచి దిగేటప్పుడు మా అంబాసిడర్ బ్రేకు పెడల్ మెల్లగా కిందికి పోయింది. కింద కాసేపు ఆపాక మళ్లీ మామూలుగా పనిచేసింది. ఫియట్ బ్రేకులు ఇంతకన్నా మెరుగా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు ఆందోళన కలిగింది. దయచేసి ఆ కారును పరీక్ష చేయించేవరకూ మళ్లీ కొండ ఎక్కించకండి.

మీ కారుకూ, పద్మినికీ నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. దిగుడులో పెడల్ అదేపనిగా తొక్కుతూ వస్తే డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచిస్తాయి. షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరుగుతుంది, ఆ ఎడాన్ని పూడ్చడానికి పెడల్ మరింత లోతుకు పోతుంది. లైనింగు కూడా వేడికి తన పట్టును కోల్పోతుంది. ఇక మూడవది అన్నింటికన్నా ప్రమాదకరమైనది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. పైపుల్లో ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ తొక్కినప్పుడు నలిగేది ఆ బుడగలే, షూలకు ఒత్తిడి చేరదు. కింద ఆపాక చల్లబడి బుడగలు పోయి పెడల్ తిరిగి వచ్చిందంటే మీ కారులో జరిగింది ఇదే కావచ్చు. ఆయిల్ మొత్తం మార్పించి, గాలి తీయించి, షూలను డ్రమ్ములకు దగ్గరగా సర్దించండి. ఈ కార్లలో షూలను చేత్తోనే సర్దాలి, వాటంతట అవి సర్దుకోవు. మాస్టర్ సిలిండర్ రబ్బర్లు కూడా చూపించండి, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు కూడా, నిలకడగా తొక్కి పట్టుకుంటే పెడల్ దిగుతోందంటే దోషం అక్కడ ఉన్నట్టే.

ఫియట్ బరువు తక్కువ కాబట్టి అదే దిగుడులో దాని డ్రమ్ములు మోసే వేడి తక్కువ. ఆ మేరకు దానిది పైచేయి. కానీ ఐదుగురితో దిగే ఫియట్ ఒంటరిగా దిగే అంబాసిడర్ కన్నా బరువైనదని మరిచిపోకూడదు. ఏ కారైనా ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఈ రెండింటి విషయంలో అక్షరాలా పాటించాల్సినది. అంబాసిడర్‌ను రెండవ గేరులో దించితే ఇంజినే చాలావరకు ఆపుతుంది. బ్రేకును మలుపు ముందు ఒకసారి గట్టిగా తొక్కి వదిలేయండి, మలుపంతా తొక్కి పట్టుకోకండి. తిరుమలలో దిగే దారి వేరు, ఎక్కే దారి వేరు కాబట్టి దిగేటప్పుడు ఎదురు వచ్చే బండ్ల బెడద ఉండదు. నిదానంగా దిగడానికి అంతకన్నా అనువైన ఘాట్ మన ప్రాంతంలో లేదు. తర్వాతి కాలంలో వచ్చిన కొన్ని అంబాసిడర్లకు ముందు డిస్క్ బ్రేకులు ఉన్నాయి. ఆ భాగాలు పూర్తి జతగా దొరికి, అనుభవమున్న మెకానిక్ అమరిస్తే కొండల్లో తిరిగేవారికి అది మంచి మార్పే.

ప్రశ్న: ఎండాకాలంలో నా ఫియట్ ఎక్కుడు మధ్యలో తుమ్మినట్టు కుదిపి ఆగిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. మిత్రుడి అంబాసిడర్‌కు ఈ బాధ ఇంతగా లేదు. ఎందుకు? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: మీరు వర్ణించినది వేపర్ లాక్ లక్షణం. పెట్రోలు పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. నెమ్మదిగా, ఎక్కువ శక్తితో ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ వేడి పెరుగుతుంది, ఎదురుగాలి తగ్గుతుంది. పంపులోనూ పైపులోనూ పెట్రోలు ఆవిరైపోతే ఆ ఆవిరిని పంపు నెట్టలేదు, కార్బ్యురేటర్ ఖాళీ అవుతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లార్చడం పాత ఫియట్ యజమానులందరికీ తెలిసిన ఉపాయం, అది ఇప్పటికీ పనిచేస్తుంది. శాశ్వత పరిష్కారానికి పెట్రోలు పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా మళ్లించి, పంపుకూ ఇంజిన్‌కూ మధ్య ఉండే మందపాటి వేడి నిరోధక ప్యాకింగు యథాస్థానంలో ఉందో లేదో చూడండి. చాలా బండ్లలో ఏదో ఒక రిపేరులో దానిని తీసేసి పల్చటి కాగితం ప్యాకింగుతో సరిపెట్టేస్తారు.

పద్మిని చిన్న ఇంజిన్‌ను ఎక్కువ వేగంతో తిప్పి ఎక్కించాలని పైన చెప్పాను. అందుకే దాని బానెట్ కింద వేడి త్వరగా పెరుగుతుంది. ఇంకొక తేడా కూడా ఉంది. పద్మిని సిలిండర్ హెడ్ అల్యూమినియంతో చేసినది, అంబాసిడర్ 1,489 సీసీ ఇంజిన్ హెడ్ పోత ఇనుముతో చేసినది. ఒకసారి బాగా వేడెక్కినా ఇనుప హెడ్ తట్టుకుంటుంది, అల్యూమినియం హెడ్ వంకరపోయి గాస్కెట్ కాలుతుంది. ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు కదలడం చూసి కూడా పైకి చేరాక ఆపుదామనుకోవడం అంబాసిడర్‌లో దుడుకుతనమైతే, ఫియట్‌లో అది హెడ్‌ను చేతులారా పాడుచేసుకోవడమే.

ఇప్పుడు మనకు దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ రెండు కార్ల కోసం తయారైనది కాదు. పంపు డయాఫ్రం, కార్బ్యురేటర్‌లోని రబ్బరు భాగాలు, పాత రబ్బరు పైపులు దీనికి ఉబ్బి, చీలి, కారుతాయి. ఇథనాల్‌ను తట్టుకునే కొత్త పైపులు వేయించడం అగ్ని ప్రమాదం దృష్ట్యా కూడా అవసరం. మిశ్రమంలో పెట్రోలు పాళ్లు కొంచెం పెరిగేట్టు కార్బ్యురేటర్ జెట్ మార్పిస్తే ఎక్కుడులో ఆ తుమ్ములు కూడా కొంత తగ్గుతాయి. ఇక సీసం కలిపిన పెట్రోలు 2000లో మన దేశంలో ఆగిపోయింది. అప్పటినుంచి అంబాసిడర్ ఇనుప హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు త్వరగా అరగవచ్చు. ఇంజిన్ పనికి విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: మద్రాసు దగ్గర షోలవరంలో పూర్వం జరిగిన రేసుల్లో ఫియట్లే ఎక్కువగా కనిపించేవని మా తాతగారు చెప్పేవారు. ఇంజిన్ చిన్నదైనా అలా ఎందుకు జరిగింది? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మీ తాతగారు చెప్పింది నిజం. షోలవరంలోని పాత విమాన రన్‌వే మీద జరిగిన రేసుల్లో మన దేశంలో తయారైన కార్లు కూడా పోటీపడేవి, వాటిలో ఫియట్ రేసర్లకు ఎంతో ఇష్టమైన బండి. పైన చెప్పిన కారణాలన్నీ అక్కడ ఒకేసారి ఫియట్‌కు కలిసివచ్చాయి. రేసు కారులో డ్రైవరు తప్ప మరెవరూ ఉండరు, సీట్లు సహా తీసేయగలిగినవన్నీ తీసేస్తారు. బరువు తీసేకొద్దీ తేలికపాటి కారుకే ఎక్కువ లాభం. 900 కిలోల కారులో వంద కిలోలు తగ్గిస్తే తొమ్మిదో వంతు పోయినట్టు, 1,100 కిలోల కారులో అదే పదకొండో వంతు. ఇంజిన్‌కు వేగంగా తిరిగే స్వభావం ఉండటంతో కామ్ షాఫ్టు మార్చి, కంప్రెషన్ పెంచి, పెద్ద కార్బ్యురేటర్ వేస్తే ఆ మార్పులకు చక్కగా స్పందించేది. అంబాసిడర్ ఇంజిన్ దృఢమైనదే అయినా, దాని పిస్టన్ ప్రయాణ దూరం చాలా ఎక్కువ కావడం వల్ల అంత వేగంగా తిప్పడం కష్టం.

రన్‌వే నేల గుంతలు లేని చదును. అంబాసిడర్ మెత్తని టార్షన్ బార్ల వల్ల కలిగే లాభం అక్కడ అక్కరకు రాలేదు, దాని ఒరుగు మాత్రం నష్టంగా మిగిలింది. చెడ్డ రోడ్ల మీద రోజుల తరబడి సాగే ర్యాలీల్లో అంబాసిడర్‌ను నమ్ముకున్నవారూ ఉన్నారు. ఆ దృఢత్వానికి అక్కడ విలువుంది.

ప్రశ్న: మా 1968 అంబాసిడర్‌లో పాత ఇంజిన్ బోరుకు వచ్చింది. దానిని తీసేసి 1800 ఐఎస్‌జెడ్ ఇంజిన్, ఐదు గేర్ల గేరుబాక్సు వేయిస్తే ఫియట్‌ను మించిన కారు అవుతుందంటున్నారు. చేయించమంటారా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: పికప్‌లో మించిపోతుంది, అందులో సందేహం లేదు. 1990ల తొలినాళ్లలో వచ్చిన ఆ 1.8 లీటర్ ఇసుజు ఇంజిన్ శక్తి సుమారు 75 హార్స్ పవర్. పాత ఇంజిన్‌తో పోలిస్తే ఇది ఒకటిన్నర రెట్లు. మలుపుల్లో మాత్రం కారు మారదు. ఒరుగు అదే, బ్రేకులు అవే. నిటారు రోడ్డు మీద పెరిగిన వేగంతో మలుపు దగ్గరికి చేరి, పాత డ్రమ్ బ్రేకులతో ఆపాల్సిన స్థితి వస్తుంది. కాబట్టి ఆ మార్పు చేయాలనుకుంటే ముందు బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు, కింగ్‌పిన్లు, ఆ తర్వాతే ఇంజిన్. ఇంజిన్ మార్చడానికి రవాణా శాఖ ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ పత్రంలో కొత్త ఇంజిన్ నంబరు నమోదు తప్పనిసరి.

మీ కారుకు యాభై ఏళ్లు దాటాయి కాబట్టి మరొక సంగతి కూడా ఆలోచించండి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ జరగని కార్లను వింటేజ్ వాహనాలుగా ప్రత్యేకంగా నమోదు చేయించుకోవచ్చు. ఇంజిన్ మార్చిన కారుకు ఆ అర్హత ప్రశ్నార్థకమవుతుంది. ఆ నమోదుకు షరతులు కూడా ఉన్నాయి, ముఖ్యంగా అలాంటి కారును రోజువారీ అవసరాలకు వాడకూడదు.

నా మట్టుకు నేను 1968 కారులో అసలు ఇంజిన్‌నే ఉంచమంటాను. 1,489 సీసీ ఇంజిన్‌కు బోరు పని, కొత్త పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగు చేయగల పాత వర్క్‌షాపులు ఇంకా ఉన్నాయి, ఆ పనికి కావలసిన భాగాలు కూడా దొరుకుతున్నాయి. సరిగా చేసిన పని తర్వాత ఆ ఇంజిన్ మారేడుమిల్లి ఘాట్‌ను మూడవ గేరులో, ఏ హడావుడీ లేకుండా ఎక్కించగలదు. ఇంజిన్ తిరిగి బిగించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు మాత్రం దానిని కొండ ఎక్కించకండి. ఆ తర్వాత ఆయిల్ మార్పించి, హెడ్ నట్లను తయారీదారు సూచించిన బిగువుకు మళ్లీ సరిచూసి, ట్యాపెట్లు సర్దించండి.